లస్కరు భీమన్న ముసుగు

మా లాకులపేట మునిసిపాలిటీ అంటే గిట్టనివాళ్లు చాలా మాటలు అంటారు. ఒక మనిషి విగ్రహాన్ని ఏడాదిపాటు ముసుగులో నిలబెట్టి, ఆ ముసుగు తియ్యడానికి మేము లాటిన్ నేర్చుకున్నామని ఒక మాట. అందులో అబద్ధమేమీ లేదు. చెప్పేవాళ్లు వెటకారంగా చెబుతారు, అదే బాధ. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసినవాణ్ని కనుక, జరిగింది జరిగినట్టు మర్యాదగా చెబుతాను.

మట్టా భీమన్న మా ఊరి కాలవ మీద లస్కరు. లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. ఒక ఏడు వరద ఊరి మీదికి వస్తుంటే, తలుపులెత్తమని పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, ఒక్కడే చక్రం తిప్పి తలుపులెత్తేసి, నీళ్లని మురుగుకాలవలోకి మళ్లించాడు. ఊరు మిగిలింది. అనుమతి లేకుండా తలుపులెత్తినందుకు ఆయన్ని సస్పెండు చేశారు. సస్పెన్షన్‌లో ఉండగానే కామెర్లొచ్చి పోయాడు. పోయిన చాలా ఏళ్లకి, ఆయన చేసింది మంచి పనేనని పైవాళ్లకి నమ్మకం కుదిరి, లాకుల సెంటర్లో విగ్రహం పెట్టడానికి అనుమతిచ్చారు.

భీమన్న పెళ్లాం సూరమ్మ ఆ సెంటర్లోనే పెసరట్ల బండి నడుపుకుంటుంది. వరదకి ఊరు మిగిలింది గానీ లాకు పక్కన ఉన్న వాళ్ల పాక మిగల్లేదు. వాళ్ల పెళ్లిఫోటో ఆ పాకతోపాటే పోయింది. ఇక భీమన్న మొహం అన్నది ఈ లోకంలో ఒక్కచోటే ఉంది. ఆయన ఉద్యోగపు గుర్తింపు కార్డు మీద, తపాలా బిళ్లంత. దాన్ని మేము విగ్రహం పోతపోసే శిల్పికి పంపించాం. విగ్రహం వచ్చింది. కార్డు రాలేదు.

విగ్రహాన్ని లారీలోంచి దింపినప్పుడే దానికి నెత్తి నుంచి కాళ్లదాకా నీలం గుడ్డ చుట్టి ఉంది. మంత్రిగారొచ్చి ఆ గుడ్డ లాగుతారు, మేము చప్పట్లు కొడతాం, అందరం తలా ఒక కూల్‌డ్రింకు తాగి ఇళ్లకి పోతాం. అనుకున్నది అంతే. అలాగే జరిగేది కూడా, మా కమిషనర్ ధనుంజయరావుగారు అంతకుముందే విదేశాల్లో పట్టణాభివృద్ధి శిక్షణకి వెళ్లి రాకపోయి ఉంటే.

"శిలాఫలకం మీద ఏం రాయిస్తున్నారు?" అని అడిగారాయన.

"ఫలానా మంత్రివర్యుల అమృతహస్తాలతో ఆవిష్కరింపబడినది అనండి," అన్నాను.

ఆయన మొహం చిట్లించారు. "ఆ ముక్క ప్రతి బోరింగు పంపు మీదా ఉందయ్యా. మూత్రశాల మీద కూడా ఉంది. అక్కడ ప్రతి కట్టడం మీదా లాటిన్‌లో ఒక్కటంటే ఒక్క మాట ఉంటుంది. ఒక్క మాట! చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. అర్థం కాదనుకో, అయినా జలదరిస్తుంది. మన పట్టణానికి ఆ స్థాయి తీసుకురావాలన్నది నా సంకల్పం."

సంకల్పం కమిషనర్‌గారిది కనుక లాటిన్ వెతికే పని నాది. మా దగ్గర లాటిన్ వచ్చినవారు ఒక్కరే. కొత్తపేట చర్చిలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఫాదర్ శౌరయ్యగారు. ఆయన్ని రిక్షాలో ఎక్కించుకుని ఆఫీసుకి తీసుకొచ్చాను. పాపం, ఎన్నో ఏళ్లుగా ఆయన్ని లాటిన్ గురించి ఎవరూ అడగలేదు. కుర్చీలో కూర్చునే లోపే మొదలుపెట్టారు.

"మీక్కావలసింది రెవెలావిత్. అంటే ఆవిష్కరించాడు అని. అందులో వేలుమ్ ఉంది చూశారా, వేలుమ్ అంటే గుడ్డ. ఇంటికి కడితే తెర, పడవకి కడితే తెరచాప, మొహానికి కడితే ముసుగు. ముందున్న రే అంటే వెనక్కి. ముసుగుని వెనక్కి తియ్యడం. మొదట్లో రోమనులు మామూలుగానే వాడేవారు, నెత్తిమీద గుడ్డ తీస్తే కూడా ఆ మాటే. తర్వాత మా చర్చివాళ్లు అందుకున్నారు. దేవుడు తన్ను తాను తెలియపరచుకున్నాడని చెప్పడానికి అంతకన్నా మంచి మాట వాళ్లకి దొరకలేదు. అక్కణ్నుంచి ఫ్రెంచివాళ్లకి పోయింది, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లకి పోయి రివీల్ అయింది. చూడండి, ఎక్కడో ఇంట్లో కట్టుకున్న గుడ్డముక్క, ఎంత దూరం ప్రయాణం చేసిందో!"

కమిషనర్‌గారికి ఒళ్లు జలదరించింది. ఆ వారంలోనే నల్లరాతి మీద మంత్రిగారి పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో రెవెలావిత్ అని చెక్కించి, దిమ్మెలో సిమెంటుతో బిగించేశాం.

బిగించాక ఫైలు న్యాయసలహాకి పంపాం. ముందు పంపాలి నిజానికి. కానీ మా ఆఫీసులో సిమెంటు ఫైలు కంటే తొందరగా గట్టిపడుతుంది.

మా న్యాయసలహాదారు వకీలు చయనులుగారు. ఆయన చేతిలో ఒక కేసు పడితే దానికి చావు లేదని ఊళ్లో పేరు. ఆయన ఒక పెద్ద నిఘంటువు చంకలో పెట్టుకుని కమిషనర్‌గారి గదిలోకి వచ్చారు.

"కొంప మునిగింది," అన్నారు సంతోషంగా. "రే అంటే వెనక్కి అని ఒక అర్థం. మళ్లీ అని ఇంకో అర్థం. రీపోలింగ్ అంటే ఏంటండీ? పోలింగుని వెనక్కి తియ్యడమా? మళ్లీ పెట్టడం. రీటెండర్? మళ్లీ పిలవడం. ఆ లెక్కన రెవెలావిత్ అంటే ఏమవుతుంది? ముసుగు మళ్లీ వేశాడు! మంత్రిగారి పేరు కింద, రాతి మీద, శాశ్వతంగా!"

ఫాదర్ శౌరయ్యగారిని మళ్లీ రిక్షాలో తెచ్చాను.

"రే కి మళ్లీ అనే అర్థం ఉన్నమాట నిజమే," అన్నారాయన. "కానీ ఈ మాటలో కాదు. ఈ మాటని రెండువేల ఏళ్లుగా అందరూ ముసుగు తియ్యడం అనే అర్థంలోనే వాడుతున్నారు."

"ఏ ఉత్తర్వు ప్రకారం?" అన్నారు చయనులుగారు.

"ఉత్తర్వేమిటండీ, భాష!"

"అంటే లిఖితపూర్వకమైన ఆధారం లేదన్నమాట. రాసుకోవయ్యా," అన్నారు నాతో.

ఈ సంగతి మంత్రిగారి పీఏకి చేరింది. ఆయన ఫోన్లో కమిషనర్‌గారిని నిలబెట్టి మాట్లాడారు. నిలబెట్టి అని ఎందుకంటున్నానంటే, అటువైపు గొంతు వినగానే మా కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అసలే మా మంత్రిగారి మీద విచారణలున్నాయి. ముసుగులేశారని మీరు రాతి మీద చెక్కిస్తారా? అర్థం తేలేదాకా మేం రాం. మేం వచ్చేదాకా ఆ గుడ్డ అంగుళం కదిలినా మీ ఉద్యోగం కదుల్తుంది."

కమిషనర్‌గారు సాయంత్రం లోపల రెండు పనులు చేశారు. పద నిర్ధారణ ఉపసంఘం అని ఒకటి వేశారు. అందులో ఫాదర్‌గారు, చయనులుగారు సభ్యులు, కాఫీలు తెప్పించడానికి నేను. రెండోది ఒక ఉత్తర్వు. "సదరు విగ్రహముపై గల ఆచ్ఛాదనను పై అంశము తేలువరకు ఎవ్వరును తొలగించరాదు, ఎత్తరాదు, జరుపరాదు. అట్లు చేసినచో అనధికార ఆవిష్కరణగా పరిగణింపబడును." కాపలాకి పోలయ్య అనే వాచ్‌మన్‌ని వేశాం.

సూరమ్మ అప్పటిదాకా ఓపికగానే ఉంది. ఉత్తర్వు సంగతి తెలిశాక ఆఫీసుకి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, కమిషనర్‌గారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబుగారూ, ఎవరూ లేనప్పుడు ఒక్కసారి ఆ గుడ్డ ఎత్తి మొహం చూసుకుంటానండి. ఈమధ్య ఆయన గొంతు గుర్తొత్తంది గానండీ, మొహం సరిగ్గా రావట్లేదండి. ముక్కు తలుచుకుంటే కళ్లు పోతన్నాయి, కళ్లు తలుచుకుంటే ముక్కు పోతంది. చూసేసి మళ్లీ ఎలా ఉన్నది అలా కప్పేత్తానండి."

కమిషనర్‌గారు మంచివారు. నిజంగానే బాధపడ్డారు. "అమ్మా, నువ్వు ఎత్తావనుకో, అది ఆ పదానికి మొదటి అర్థం అవుతుంది. మళ్లీ కప్పావనుకో, రెండో అర్థం అవుతుంది. రెండు అర్థాలూ ప్రస్తుతం ఉపసంఘం పరిశీలనలో ఉన్నాయి. ఒక్క మనిషి కోసం ఉపసంఘాన్ని ప్రభావితం చెయ్యలేం కదమ్మా."

"ఏ పదమండీ?"

"లాటిన్ పదం."

"ఆయనకి లాటిన్ రాదండి," అంది సూరమ్మ. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆషాఢం గాలి మొదలైంది. కాలవ మీదుగా వచ్చే గాలికి ఒక మధ్యాహ్నం గుడ్డ ఎగిరి మోకాళ్లదాకా లేచింది. పోలయ్య రెండు చేతులా పట్టుకుని వేలాడి కిందికి లాగాడు. నేను వెళ్లి పంచనామా రాశాను. "మోకాళ్ల వరకు ప్రకృతిచే పాక్షిక ఆవిష్కరణ జరిగినది" అని. చూసిన సాక్షి ఒక్కడే, పుల్లయిసు అమ్మే వీర్రాజు. చూడలేదని రాసిమ్మని అడిగాం.

"చూశాను కదండీ!" అన్నాడు వీర్రాజు.

"ఏం చూశావు?"

"కాళ్లు. చెప్పుల్లేవు. లస్కర్లు చెప్పులెయ్యరు కదండీ."

"అవి కాళ్లని నీకు అధికారికంగా ఎవరు చెప్పారు?" అన్నారు చయనులుగారు. వీర్రాజు ఆలోచించాడు. అధికారికంగా ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టేశాడు.

మళ్లీ అలా జరగకుండా, నీలం గుడ్డ మీద టార్పాలిన్ ఒకటి కప్పి, కింద చుట్టూ ఇసకబస్తాలు పెట్టించాం. దీంతో ఉపసంఘంలో పెద్ద మలుపు వచ్చింది. చయనులుగారు లేచి నిలబడి ప్రకటించారు. "అయ్యలారా! ముసుగు మీద ముసుగు పడింది. అంటే ముసుగు మళ్లీ వేయడం జరిగిపోయింది. ఫలకం మీదున్నది రెండో అర్థంలో ఈరోజు నుంచి సత్యం!"

"కానీ టార్పాలిన్ వేసింది పోలయ్య. ఫలకం మీద మంత్రిగారి పేరుంది," అన్నారు ఫాదర్‌గారు నీరసంగా.

"మంత్రిగారి తరఫున పోలయ్య. అది చట్టంలో చెల్లుతుంది."

ఫాదర్ శౌరయ్యగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట కోసం జీవితంలో సగం ధారపోసిన మనిషి. "చయనులుగారూ, మీరు నన్నేమైనా అనండి. ఆ మాట జోలికి మాత్రం పోకండి," అన్నారు. ఆ పూట కాఫీ ముట్టుకోలేదు.

ఈలోగా మంత్రిగారి పీఏ మరోసారి ఫోన్ చేశారు. ఆయన ఏమన్నారో మాకు తెలియదు గానీ, ఫోన్ పెట్టేశాక కమిషనర్‌గారు ఉత్తర్వుని విస్తరించారు. ముసుగు తియ్యడమంటే ఏమిటో తేలనంతవరకు మునిసిపాలిటీ స్థలాల్లో ఏ తెరా, ఏ ముసుగూ తియ్యకూడదు. కొత్త కూరగాయల మార్కెట్టు బోర్డుకి కప్పిన గుడ్డ అలాగే ఉండిపోయింది. జనం దాన్ని గుడ్డ మార్కెట్టు అనడం మొదలుపెట్టారు. టౌన్‌హాల్లో నాటకం ఆడటానికి వచ్చినవాళ్లు తెర వెనకే ఆడేసి వెళ్లారు. పాటలు బాగా వినపడ్డాయి.

అసలు చిక్కు వీర్రాజు చెల్లెలి పెళ్లిలో వచ్చింది. పెళ్లి మా మునిసిపల్ కల్యాణమండపంలో. వధూవరుల మధ్య అడ్డతెర పట్టారు. జీలకర్రా బెల్లం పెట్టగానే ఆ తెర తియ్యాలి. నేను నోటీసు పట్టుకుని పీటల దగ్గర నిలబడ్డాను. నా ఉద్యోగం అది.

"తియ్యకూడదండి," అన్నాను పురోహితుడితో.

"ముహూర్తం దాటిపోతోందయ్యా!"

"ముహూర్తం కానివ్వండి. తెరని మాత్రం ఉంచండి."

బాజాలు మోగాయి. పిల్లా పిల్లాడూ తెర మీదుగా చేతులు చాపి ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లం పెట్టారు. అక్షతలు పడ్డాయి. తెర అలాగే ఉంది. పెళ్లయితే అయింది గానీ ఎవరిని చేసుకున్నారో వాళ్లకి కనపడటం లేదు. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ కలిసి నా మీదికి రాబోతున్నారు. ఇంతలో పెళ్లికొడుకు మెల్లగా వంగి తెర కింద నుంచి తల దూర్చాడు. అటునుంచి పెళ్లికూతురూ వంగింది. తెర అంగుళం కదల్లేదు. కింద నవ్వులు వినపడ్డాయి. నేను నోటీసు అటూ ఇటూ తిప్పి చదివాను. మనుషులు వంగకూడదని ఎక్కడా లేదు.

ఆ పెళ్లిలో వంటల దగ్గర సూరమ్మ ఉంది. అంతా చూసింది.

మర్నాడు పొద్దున్నే పెసరట్ల పెనం కూడా పెట్టకుండా విగ్రహం దగ్గరికి వచ్చింది. పోలయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"వదినా, గుడ్డ ముట్టుకోడానికి లేదు. నా ఉద్యోగం పోద్ది."

"ముట్టుకోనయ్యా. ఆ బత్తా ఒకటి జరుపు. నేనే లోపలికి ఎల్తాను."

పోలయ్య నాకోసం కబురు పంపాడు. నేను వెళ్లేసరికి సెంటర్లో జనం పోగయ్యారు, చయనులుగారు కూడా ఉన్నారు. ఉత్తర్వులో ఆచ్ఛాదన గురించి ఉంది, మనుషుల గురించి లేదు, ఇసకబస్తాల గురించి అసలే లేదు. "రూల్సుకి విరుద్ధం కాదు," అన్నాను. పోలయ్య బస్తా జరిపాడు. సూరమ్మ నేల మీద పాకుతూ గుడ్డ కిందికి దూరింది. టార్పాలిన్ లోపల ఆమె దిమ్మె ఎక్కుతున్నట్టు ఉబ్బెత్తుగా కనపడింది. తర్వాత ఏ కదలికా లేదు.

లోపల నుంచి ఏడుపు వినపడుతుందనుకున్నాను. వినపడింది నవ్వు. పడీపడీ నవ్వుతోంది.

"ఏంటొదినా?" అన్నాడు పోలయ్య కంగారుగా.

"ఎడం బుగ్గ చూడు! వాచిపోయుంది! ఆ రోజు పన్నుపోటురా ఈయనకి. ఫోటో తీయించుకోడానికి రమ్మన్నారని లవంగం పెట్టి పంపించాను. బుగ్గ బూరెలా ఉంది, రేపెల్లవయ్యా అంటే ఇన్లేదు. ఆ వాపు అలాగే పోసేశాడు ఆ సచ్చినోడు!"

శిల్పి ఆ కార్డు మీది చిన్న ఫోటోని ఎంత శ్రద్ధగా చూశాడో అప్పుడు అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. లోపల ఆమె ఏదో మెల్లగా మాట్లాడుతోంది. మాతో కాదు. మేము అందరం కాస్త దూరం జరిగి కాలవ వైపు చూస్తూ నిలబడ్డాం. చయనులుగారు కూడా అటే చూశారు.

బయటికి వచ్చాక ఆమె చీరంతా దుమ్ము. దులుపుకోకుండానే బండి దగ్గరికెళ్లి పొయ్యి ముట్టించింది.

ఆ రోజు నుంచి ఊరంతా వంగింది. పొద్దున్నే కూరలకి వెళ్లేవాళ్లు, బడికి వెళ్లేవాళ్లు, ముసుగు కిందికి దూరి భీమన్నని చూసి వచ్చేవారు. వీర్రాజు చెల్లెలూ మొగుడూ కూడా వెళ్లొచ్చారు. కమిషనర్‌గారు ఒకరోజు తనిఖీ పేరుతో దూరారు. బయటికొచ్చి, తాను అధికారికంగా ఏమీ చూడలేదని చెప్పి, "పాపం, బాగా వాచింది," అన్నారు. ముసుగు మాత్రం కదల్లేదు. ఉత్తర్వు నూటికి నూరుపాళ్లు అమలవుతోందని పైకి నివేదిక పంపాం.

సూరమ్మ రోజూ వెళ్లేది. వెళ్లేటప్పుడు కొంగున ఒక లవంగం కట్టుకెళ్లి విగ్రహం పెదాల సందున పెట్టి వచ్చేదని పోలయ్య చెప్పాడు.

ఉపసంఘం చివరికి తేల్చింది. ఏకాభిప్రాయం రాలేదు కనుక ఆ మాటని రాయి మీద నుంచి చెక్కేయమంది. చెక్కేశాక అక్కడ ఒక పొడవాటి గుంట మిగిలింది. ఫాదర్ శౌరయ్యగారు వచ్చి ఆ గుంట మీద వేళ్లు రాసి వెళ్లిపోయారు.

మంత్రిగారు వచ్చారు. మైకులు, దండలు, వేదిక అన్నీ ఉన్నాయి. ఆయన టార్పాలిన్ లాగారు. నీలం గుడ్డ లాగారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది గానీ విగ్రహాన్ని చూడటానికి ఎవరూ మెడ ఎత్తలేదు. అందరూ మంత్రిగారి మొహమే చూస్తున్నారు.

మంత్రిగారు వెనక్కి ఒక అడుగు వేశారు. "ఏంటయ్యా ఆ బుగ్గ?"

"పన్నుపోటండీ!" అన్నారు జనమంతా ఒకేసారి.

కమిషనర్‌గారు పరుగున ముందుకొచ్చారు. "సార్, శిల్పి పొరపాటు సార్. రేపే అరగదీయించి రెండు బుగ్గలూ సమానం చేయిస్తాం సార్."

"సమానం చేత్తే ఆయన కాదండి," అంది సూరమ్మ. వేదిక కింద నుంచే, మామూలు గొంతుతో.

మంత్రిగారు ఆమె వైపు చూశారు, విగ్రహం వైపు చూశారు. ఆయన చెయ్యి తెలియకుండానే తన ఎడమ దవడ మీదికి పోయింది. ప్రసంగం కాగితాలు రెండో చేతిలో ఉన్నాయి. "అంత నొప్పి పెట్టుకుని లాకులెత్తాడా అమ్మా మీ ఆయన?" అన్నారు.

"లేదండి. లాకులెత్తింది ఇంకో రోజండి," అంది సూరమ్మ. "ఈ నొప్పితో ఫోటోకెల్లాడండి, అంతే."